సొట్టలేని దానం

సుత్తి భోజనాల బల్ల మీదే ఉంది. పొద్దుట్నుంచీ ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. మధ్యాహ్నం తిండి కూడా దాని చుట్టూ కంచాలు పెట్టుకునే కానిచ్చారు, అదేదో ఇంటికొచ్చిన చుట్టమైనట్టు.

"మళ్లీ అడుగుతున్నా," అంది పెద్దకోడలు. "ఈ సుత్తి ఫుడ్‌బ్యాంకు స్టోరులో, బస్తాల వెనకాల, తువ్వాల్లో చుట్టి ఎందుకుంది?"

చిన్నకోడలు సూదిలో దారం ఎక్కించుకుంది.

"నడిచొచ్చిందా? సుత్తికి కాళ్లుంటాయా?"

"వచ్చుంటాయి," అంది అత్తగారు కుర్చీలోంచి. "నీ హాల్లో ఏ వస్తువైనా పారిపోవాలనే చూస్తుంది."

పెద్దకోడలు విననట్టే ఊరుకుంది. ఆవిణ్ణి ఫుడ్‌బ్యాంకులో అందరూ జడ్జిగారంటారు, ఆవిడ చెవిన పడకుండా. చర్చి వెనక హాలు తాళంచెవి తొమ్మిదేళ్లుగా ఆవిడ నడుముకే వేలాడుతోంది. శనివారం లైనులో నిలబడ్డ పేదవాళ్లలో సరుకుల సంచీ ఎవరికివ్వాలో, మూడు పేజీల ప్రశ్నల కాగితం నింపించి తేల్చేది ఆవిడే. జనం తెచ్చిచ్చిన తిండి టిన్ను డబ్బాల్లో ఏది దానానికి పనికొస్తుందో తేల్చేదీ ఆవిడే. ఆవిడ చూపు తగిలితే పాలు విరుగుతాయని కొందరంటారు గానీ అది ఒట్టి అబద్ధం. పాలు విరగవు. ప్యాకెట్టు మీది గడువు తేదీ బెదిరిపోయి రెండ్రోజులు వెనక్కి జరుగుతుంది, అంతే. అది కళ్లారా చూసినవాళ్లున్నారు.

అసలీ గొడవ ఓ ఆదివారం ప్రసంగంలో పుట్టింది. దేవుడికిచ్చే బలికి ఏ మచ్చా ఉండకూడదని పాస్టరుగారు చెప్పారు. సంఘమంతా ఆమెన్ అనేసి, ఇంటికెళ్లి, తిని పడుకుంది. జడ్జిగారొక్కతే పడుకోలేదు. మర్నాడు హాలు తలుపు మీద కాగితం అంటించింది: సొట్టపడిన డబ్బా ఎవరికీ ఇవ్వరాదు.

మరి సొట్టపడ్డవి ఏం చెయ్యాలి? పారేస్తే పాపం. కాబట్టి ఆ పాపాన్ని సేవ చేసేవాళ్లే ఇంటికి మోసుకుపోవాలని తీర్మానం. దానికి సొట్టవాటా అని పేరు కూడా పెట్టారు. మచ్చలేని చిక్కుడుగింజలు పేదవాళ్లకి, మచ్చపడ్డవి వాలంటీర్లకి. ఎంత త్యాగమో! శుక్రవారం సాయంత్రాలు ఆ త్యాగం చెయ్యడానికి వాలంటీర్లు మోచేతులతో పొడుచుకునేవాళ్లు.

మూడు నెలల్నుంచి సొట్టలు మరీ మితిమీరిపోయాయి. దించేటప్పుడు నున్నగా ఉన్న డబ్బా మర్నాటికి పొట్ట లోపలికి పీల్చుకుని కూర్చునేది.

జడ్జిగారు ముందు మొగుణ్ణే అనుమానించింది. ఆయన బస్సు డ్రైవరుగా రిటైరై ఇప్పుడు ఫుడ్‌బ్యాంకు వ్యాను నడుపుతున్నాడు. "గుంతలన్నీ వెతుక్కుంటూ తోలుతున్నారా?" అని ఆవిడ అడిగితే, ఆయన ఆ వారం వ్యాను ఎంత నెమ్మదిగా నడిపాడంటే, ఓ నత్త వెనకనుంచి వచ్చి విసుక్కుని దాటుకుపోయింది. సొట్టలు మాత్రం తగ్గలేదు.

నిన్న సుత్తి దొరికింది. పిడికి రాగితీగ చుట్టిన సుత్తి. ఆ తీగ చుట్టిన చేతులు మేడమీద వాటాలో ఉంటాయి, జడ్జిగారి మరిదివి. ఫ్యాక్టరీలో ఇనుము చెక్కే లేతు మిషను మీద పనివాడు. మూడు నెలల కిందట ఫ్యాక్టరీ మూసేశారు.

అందుకే ఇప్పుడు జడ్జిగారి చూపు తోటికోడలి మీద ఉంది.

"నీ మొగుడి సుత్తి. గురువారాలు స్టోరు సర్దేది నువ్వు. సొట్టవాటా సంచీ నిండా మోసుకెళ్లేదీ నువ్వే. ఇంకా నా నోటితో చెప్పించాలా?"

"నాకు తెలీదక్కా," అంది చిన్నకోడలు. చేతిలో కుట్టుపని ఉంది. సూది ఆపలేదు. "దేవుడి మీద ఒట్టు."

"దేవుణ్ణి మధ్యలోకి లాగకు."

"లాగినా రాడులే," అంది అత్తగారు. "వస్తే మూడు పేజీల కాగితం ఇచ్చి నింపమంటావని ఆయనకీ భయమే."

"అత్తయ్యగారూ, ఇది నవ్వులాట కాదు. పేదవాళ్ల నోటి దగ్గర కూడు. ఎవరో దొంగతనంగా..."

"నేనే."

"ఏంటి?"

"ఎవరో ఎవరో అని గొంతు చించుకోకు. కొట్టింది నేను."

డ్రైవరుగారు మంచినీళ్ల గ్లాసు నోటిదాకా తెచ్చి, తాగకుండానే కింద పెట్టేశాడు. చిన్నకోడలి సూది ఆగింది.

"మీరా?" అంది జడ్జిగారు. "మీకు ఆ చేతుల్తో..."

"ఏం, ఈ చేతులకేమైంది? ముప్పయ్యేళ్లు ఆస్పత్రి వంటింట్లో మూడొందల మందికి గరిటె తిప్పాయి. గురువారాలు చిన్నదానికి తోడని వస్తానా, అది బయట పెట్టెలు మోస్తుంటే బస్తా మీద కూర్చోవడం, డబ్బా మీద తువ్వాలు కప్పడం, ఒక్క దెబ్బ. పొట్ట మీద కొట్టాలి. అంచు మీద కొట్టకూడదు, అతుకు మీద అసలే కొట్టకూడదు. అక్కడ చితికితే గాలి దూరి లోపల సరుకు పాడవుతుంది. నీ కాగితంలో రాశావా అది? పొట్ట సొట్టపడ్డదీ, అంచు పగిలిందీ నీకు రెండూ ఒకటే. తొమ్మిదేళ్లుగా డబ్బాల మీద పెత్తనం చేస్తున్నావు, ఒక్క డబ్బా సంగతైనా తెలుసుకున్నావా?"

"అసలెందుకు కొట్టారు?"

"సొట్ట పడితే తప్ప నువ్వు ఒక్క డబ్బా పైకి పోనివ్వవు కాబట్టి. చిన్నాడి పొయ్యి మీద మూడు నెలలుగా ఏం ఉడుకుతోందో చూశావా? పద్నాలుగు మెట్లు. ఎక్కావా ఏనాడైనా?"

"నోరు తెరిచి అడిగితే నేను పెట్టనా?"

"పెడతావు. పెట్టి, ఊరందరికీ వడ్డిస్తావు ఆ కబురు."

జడ్జిగారి ముఖం ఎర్రబడింది. మొగుడి వైపు చూసింది. ఆయన సుత్తి వైపు చూస్తున్నాడు. ఇరవయ్యేడేళ్లు ప్రయాణికుల కబుర్లు వినీ వినీ చెవులు నిండిపోయిన మనిషి. అవి ఖాళీ అయ్యేదాకా నోట్లోంచి మాట రాదని ఇంట్లో అందరూ ఏనాడో ఒప్పేసుకున్నారు.

అందరికంటే వింతగా మాట్లాడింది చిన్నకోడలే.

"నన్నొక్క మాట అడగాల్సింది అత్తయ్యా."

"అడిగితే వద్దనేదానివి."

"అవును. వద్దనేదాన్నే." కుట్టుపని మడిచి లేచింది. "దొరికిన సొట్టలు దేవుడే పెడుతున్నాడనుకున్నా. ప్రతి శుక్రవారం మేడెక్కి దణ్ణం కూడా పెట్టుకున్నా. నాకంటే పిచ్చిది ఎవరైనా ఉంటారా?"

"ఉంటారు," అంది అత్తగారు, పెద్దకోడలి వైపు గడ్డంతో చూపించి. "కాకపోతే తాళంచెవి ఉంటుంది కాబట్టి ఎవరూ అనరు."

"చాలు," అంది జడ్జిగారు. "నాలుగింటికి పాస్టరు అయ్యగారొస్తున్నారు. ఆయన ముందే తేలుద్దాం."

*

చిన్నకోడలు మేడెక్కేసరికి ఆమె మొగుడు గోడగడియారం విప్పుకుని కూర్చున్నాడు. ఇంట్లో బాగుచెయ్యాల్సినవి మొదటి నెలలోనే అయిపోయాయి. ఇప్పుడు బాగున్నవాటిని విప్పి మళ్లీ బిగిస్తున్నాడు. ఆ గడియారాన్ని ఎన్నిసార్లు విప్పాడంటే, అతను గదిలోకి రాగానే దాని మరలు వాటంతటవే వదులై సిద్ధంగా ఉండేవి.

"సుత్తి దొరికిందటగా," అన్నాడు తలెత్తకుండా.

"దొరికింది."

"అమ్మేనా?"

"కింద మాటలన్నీ వినే కదా అడుగుతున్నావు?"

అతనికి నవ్వొచ్చింది. సగంలో ఆగిపోయింది.

"అంటే మూడు నెలల్నుంచి నేను తింటున్నది..."

"చిక్కుడుగింజలు."

"సొట్టవాటా అన్నావు."

"సొట్టవాటాయే. సొట్ట పెట్టినవాళ్లు వేరు, అంతే తేడా."

అతను స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. కాసేపు చిన్న పళ్లచక్రం ఒకటి వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు.

"నేను మాత్రం వదిన లైనులో నిలబడను. ముందే చెబుతున్నా. నా పెళ్లిలో నాకు వడ్డించిన మనిషి బల్ల వెనక కూర్చుని, కళ్లజోడు సర్దుకుని, 'మీ ఇబ్బందేంటో చెప్పండి' అంటుంది. ఆ మాట వినడం కంటే ఆ లేతు మిషనే నమిలి మింగుతా."

"నిన్ను నిలబడమని ఎవరన్నారు?"

"నువ్వూ నిలబడవు. నాకో పరువుంది."

"ఉంది. నిన్న పొద్దున్న దాన్నే ఉడకబెట్టాను. ఉప్పేసినా మన పాప తినలేదు."

కింద వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఆ చప్పుడు పోయాక గది ఇంకా చిన్నదైపోయింది.

"ఇవాళ్టితో సొట్టవాటా అయిపోయినట్టే," అంది ఆమె మెల్లిగా. "అలమారలో ఒక మొక్కజొన్న డబ్బా ఉంది. సగం ప్యాకెట్టు పిండుంది. ఆదివారం పొద్దుటికి అదీ ఉండదు. నువ్వు చెప్పు, ఏం చేద్దాం?"

"అన్నయ్యనడుగుతా."

"అడుగు. మూడు నెలల్నుంచి అడుగుతావనే చూస్తున్నా."

అతను పళ్లచక్రాన్ని గడియారంలో పెట్టాడు. తప్పుచోట పెట్టాడు. ఆమెకి కూడా తెలిసిపోయేంత తప్పుచోట.

*

పాస్టరుగారు సరిగ్గా నాలుగింటికి వచ్చారు. మంచిమనిషి. అంత మంచిమనిషి ఏ పనికీ ఉపయోగపడడు. ఎవరేం చెప్పినా తల నిలువుగానూ కాదు, అడ్డంగానూ కాదు, గుండ్రంగా తిప్పుతారు. అవునన్నారనుకున్నవాళ్లు సంతోషంగా వెళ్తారు, కాదన్నారనుకున్నవాళ్లూ సంతోషంగానే వెళ్తారు. ఆ తలతోనే ఆయన సంఘాన్ని పదహారేళ్లుగా చీలిపోకుండా నెట్టుకొస్తున్నారు.

"వందనాలు అయ్యగారూ," అని కుర్చీ వేసి, టీ ఇచ్చి, జడ్జిగారు మొత్తం చెప్పింది. సుత్తిని ఆయన ముందుకు జరిపింది కూడా.

పాస్టరుగారు దాన్ని తాకకుండా, వంగి చూశారు. పామును చూసినట్టు చూశారు.

"మరి... పెద్దావిడ ఇలా ఎందుకు చేసినట్టు?"

"పెద్దావిడ ఇక్కడే ఉంది. చెవులు కూడా ఉన్నాయి," అంది అత్తగారు.

"అయ్యగారూ, మీ ప్రసంగం విన్నాకే కదండీ ఆ రూలు పెట్టాను?" అంది జడ్జిగారు. "మచ్చలేనిదే ఇవ్వాలన్నారు. ఈవిడ కావాలని మచ్చ పెట్టింది. దేవుడి సొత్తుకి."

"అమ్మా, నేను చెప్పింది గొర్రెపిల్ల గురించి. డబ్బాల గురించి కాదు."

"దానం దానమే కదండీ. గొర్రెపిల్లకో రూలు, బఠాణీలకో రూలా?"

పాస్టరుగారు ఆలోచించారు. తల ఓ సగం చుట్టు తిరిగి ఆగింది. బఠాణీల విషయంలో ఆయనకి పాస్టరు చదువులో ఎవరూ ఏమీ చెప్పినట్టు లేదు.

"ఏమైనా తప్పు తప్పే," అంది జడ్జిగారు. "దాచకూడదు. ఆదివారం సంఘం ముందు ఒప్పుకోవాలి."

"ఒప్పుకుంటా," అంది అత్తగారు హుషారుగా. "ఎవరెవరు తిన్నారో కూడా వరసగా చదువుతా. అయ్యగారింటికెళ్లిన, పంచదార పాకంలో ఊరిన పీచుపండ్ల డబ్బాలున్నాయే, అవీ నా చేతిపనే."

పాస్టరుగారి టీ పోవాల్సిన దారిన పోలేదు.

"పీచుపండ్లా?" అన్నారు దగ్గు మధ్యలోంచి.

"సొట్టవాటా అని వారం వారం పంపింది మా పెద్దకోడలే. మీవి మాత్రం మెల్లిగా కొట్టేదాన్ని అయ్యగారూ. లోపల ముక్కలు నలిగితే అమ్మగారు నొచ్చుకుంటారని."

జడ్జిగారు గోడకేసి చూసింది. డ్రైవరుగారు నేలకేసి చూశాడు. పాస్టరుగారికి చూడ్డానికి ఏదీ మిగలక టీ కప్పులోకి చూసుకున్నారు.

"సంఘం ముందు అవసరం లేదేమోనమ్మా," అన్నారు చివరికి. "పెద్దవయసు. మన మధ్యే ప్రార్థన చేసుకుని, క్షమించుకుందాం."

ఓ పాపానికి ఇంత తొందరగా క్షమాపణ దొరకడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. టీ ఇంకా వేడిగానే ఉంది.

జడ్జిగారు మాత్రం ఊరికే లొంగే మనిషి కాదు. ఓడిపోతున్నానని తెలిసిన మరుక్షణం ఇంకో బల్ల వేసుకుని కూర్చుంటుంది.

"సరే. మీరు చెప్పారు కాబట్టి క్షమిస్తున్నా. కానీ ఇవాళ్టి నుంచి సొట్టవాటా లేదు. ఎవరికీ లేదు. వాలంటీరుకైనా, నా సొంత చుట్టానికైనా. తిండి కావాలంటే శనివారం లైనులో నిలబడాలి, కాగితం నింపాలి. అందరితో పాటు. ఇది న్యాయమేనా, చెప్పండి."

"న్యాయమే," అన్నారు పాస్టరుగారు. ఈసారి తల నిలువుగానే ఊపారు. పీచుపండ్ల మాట మళ్లీ రాకపోతే ఆయన దేనికైనా ఊపేలాగే ఉన్నారు.

జడ్జిగారు వెనక్కి జారగిలబడింది. మేడమీది నుంచి ఎవరూ దిగి లైనులోకి రారని ఆవిడకి బాగా తెలుసు. రారని తెలిసిన వాళ్లకి తలుపు బార్లా తెరిచి పెట్టడంలో ఎంత ఉదారత ఉంటుందో, ఆ ఉదారతంతా ఆవిడ ముఖం మీద వెలిగింది.

"ఎవరొచ్చినా నాకు ఒకటే," అంది. "నా మనసులో తేడాలుండవు."

"రేపు ఎన్నింటికి తెరుస్తారక్కా?"

చిన్నకోడలు గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు.

"ఏంటి తెరిచేది?"

"హాలు."

"నీకు తెలీదా? మూడేళ్లుగా వస్తున్నావు కదా."

"వెనక తలుపు సంగతి తెలుసు. బయట లైనులో నిలబడేవాళ్లు ఎన్నింటికి రావాలో అడుగుతున్నా."

పాస్టరుగారి తల మెల్లిగా గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

*

శనివారం పొద్దున్న హాల్లో అట్టపెట్టెల వాసన, తడిగుడ్డ వాసన, పెద్ద కెటిల్లో మరుగుతున్న టీ వాసన. పొడుగు బల్లల వెనక వాలంటీర్లు నిలబడి ఉన్నారు. వాళ్లు ఏప్రన్‌తో పాటే చిరునవ్వు కూడా తొడుక్కుంటారు. పదకొండింటికి రెండూ విప్పి ఒకే మేకుకి తగిలించి ఇంటికెళ్తారు. ఆ చిరునవ్వులు ఎంత పాతవంటే, కొన్నిటికి అంచులు కూడా అరిగిపోయాయి.

లైను హాలు గోడ పొడుగునా, మురుగు గొట్టం పక్కనుంచి, సైకిళ్లు పెట్టే చోటు దాకా ఉంది. చిన్నకోడలు మధ్యలో నిలబడింది, చేతిలో తనే కుట్టుకున్న ఖాళీ సంచీ పట్టుకుని. ఆమె ముందు రిటైరైన వాచ్‌మన్ తాత ఉన్నాడు. వెనక్కి తిరిగి ఆమెను చూసి తడబడ్డాడు.

"అమ్మా, నువ్వు లోపలి మనిషివి కదా? ముందుకెళ్లు, ముందుకెళ్లు."

"లేదు తాతా. ఇవాళ బయటి మనిషినే."

"ఏం, లోపల గొడవైందా?"

"కాదు. ఆకలి."

తాత కాస్త జరిగి, గోడ నీడలో ఆమెకి చోటిచ్చాడు.

లోపల్నుంచి ఓ వాలంటీరు పరుగెత్తుకొచ్చింది. చిరునవ్వు ఓ వైపు ఊడిపోయి వేలాడుతోంది. "ఏంటక్కా ఇది? వెనకవైపు రండి, నేనే సర్ది ఇస్తా. ఎవరూ చూడరు."

"ఎవరూ చూడకుండా తిన్నది నిన్నటితో అయిపోయింది. నువ్వెళ్లు, నీ బల్ల ఖాళీగా ఉంది."

వ్యాను దగ్గర డ్రైవరుగారు పెట్టెలు దించుతున్నాడు. లైనులో తమ్ముడి భార్యను చూశాడు. చేతిలో పెట్టె అలాగే ఉండిపోయింది. కింద పెట్టలేదు, లోపలికి తీసుకెళ్లలేదు.

లైను కదిలింది. తాత పని అయింది. ఆయన సంచీ తీసుకుని కూడా ఇంటికి పోకుండా తలుపు పక్కనే నిలబడ్డాడు.

చిన్నకోడలు బల్ల ముందుకొచ్చింది.

జడ్జిగారు కళ్లజోడు సర్దుకుంది. తీసింది. తుడిచింది. మళ్లీ పెట్టుకుంది.

"కూర్చో," అంది.

"అందరూ నిలబడే చెబుతున్నారుగా అక్కా."

"అందరూ వేరు..." అనబోయి మింగేసింది. కాగితం లాక్కుని గబగబా పేరు రాసేసింది. చిరునామా కూడా రాసేసింది.

"అడగకుండానే రాస్తున్నారే?"

"తెలిసిందే కదా."

"అడగండి. అందర్నీ అడుగుతారు."

జడ్జిగారి పెదవులు బిగుసుకున్నాయి. "ఎక్కడుంటారు?"

"మీ ఇంట్లోనే. మీ మంచం మీదున్న కప్పుకి పైన."

బల్ల పక్క వాలంటీర్లు ఒక్కసారిగా సబ్బులు సర్దడంలో మునిగిపోయారు. ఒక్కో సబ్బుని నాలుగేసిసార్లు సర్దారు.

"ఇంట్లో ఎంతమంది?"

"ముగ్గురం."

"పని చేసేవాళ్లు?"

"నేను కుడతాను. కొత్త బట్టలు ఎవరూ కుట్టించుకోవట్లేదు. చిరుగులే వస్తున్నాయి."

"మీ ఆయన?"

"పని వెతుకుతున్నాడు. ఎక్కడా లేదు."

"ఇల్లు సొంతమా, అద్దెదా?"

"సగం మాది. సగం మీది. ఏది రాయాలో మీరే చూసుకోండి."

జడ్జిగారు ఏదో రాసింది. కొట్టేసింది. పేజీ తిప్పింది.

"ఎనిమిదోది. వండుకోవడానికి పొయ్యి..."

"ఏడోది వదిలేశారక్కా."

"ఫర్వాలేదు. అది అంత ముఖ్యం కాదు."

"మమ్మల్నెవర్నీ వదల్లేదుగా అమ్మా!" అన్నాడు తలుపు పక్కనుంచి తాత. పెద్దగా అనలేదు. కానీ హాలు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, ఆ మాట గోడలకి తగిలి, తిరిగొచ్చి బల్ల మీద కూర్చుంది.

ఏడో ప్రశ్న జడ్జిగారి సొంత కవిత్వం. సంఘం కాగితంలో అది లేదు. కిందటేడు ఆవిడే చేత్తో రాసి చేర్చింది. దాన్ని చేర్చాక లైను సగమైందని సంబరపడింది కూడా. దానికి అవునన్నవాళ్లకి సంచీ ఉండదు, ఇంటికి పంపేస్తారు. హోటల్లో గిన్నెలు తోమే ఓ ఆవిణ్ణి, అన్నకి కారుందని, అలాగే పంపేశారు. ఆవిడ ఇవాళ కూడా లైనులో ఉంది, నలుగురి వెనక. మెడ సాచి చూస్తోంది.

"చదవండక్కా."

జడ్జిగారు గొంతు సవరించుకుంది. చదివింది. పెదవులు కదిలాయి గానీ మాట బయటకు రాలేదు.

"వినపడలేదు," అంది గిన్నెలు తోమే ఆవిడ వెనకనుంచి.

జడ్జిగారు కాగితాన్ని కాస్త పైకెత్తి, దాని వెనక ముఖం దాచుకుని, గట్టిగా చదివింది.

"మీకు సాయం చెయ్యగలిగిన స్థితిలో ఉన్న దగ్గరి బంధువులు ఎవరైనా ఉన్నారా?"

సబ్బులు సర్దే చేతులు ఆగిపోయాయి. తెరిచిన తలుపు అవతల, వ్యాను దగ్గర డ్రైవరుగారు పెట్టెను గుండెకి ఆనించుకుని నిలబడి ఉన్నాడు. ఆయన చూపు పెళ్లాం మీద లేదు, మరదలి మీద లేదు. ఆ కాగితం మీద ఉంది.

చిన్నకోడలు ఖాళీ సంచీని మడిచి, విప్పి, బల్ల మీద పెట్టింది. ఆమె గొంతులో కోపం లేదు. అది ఉంటే జడ్జిగారికి కాస్త తేలికయ్యేది.

"ఉన్నారంటే సంచీ ఇవ్వరు. పాప కోసం వచ్చాను, ఇవ్వకపోతే ఎలా? లేరంటే ఇస్తారు. కానీ ఈ నోటితో రేపు మిమ్మల్ని అక్కా అని ఎలా పిలవను?"

"అది... ఊరికే రూలు కోసం..."

"నాకు తేలట్లేదు. నిన్న రాత్రంతా ఆలోచించినా తేల్లేదు. తొమ్మిదేళ్లుగా ఎవరి సంగతి వాళ్లకంటే మీకే బాగా తెలుసు కదా." ఆమె కలాన్ని జడ్జిగారి వేళ్ల వైపు జరిపింది. "మీరే రాయండక్కా. నాకు ఉన్నారా, లేరా?"

జడ్జిగారు కలం తీసుకుంది. మొన కాగితానికి ఆనింది. సిరా చుక్క మెల్లిగా పెద్దదవుతోంది. అక్షరం మాత్రం ఇంకా పడలేదు.